ప్రైమరీ ఆగిపోయినప్పుడు ఏ రెప్లికాను ప్రమోట్ చేయాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి తరచుగా రాత్రి చివరి జామునే మొదలవుతుంది. చెరువు గట్టు మీద కాటా వేసి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కౌంట్ నిర్ణయించి, ఆ కౌంట్‌కు ఆ పూట పలికిన ధరతో రైతు పేరిట ఎంట్రీ చేసి, అతని చేతికి స్లిప్ ఇస్తారు. నేను చూసుకునే డేటాబేస్‌లోకి రాత్రంతా వచ్చేవి ఇటువంటి ఎంట్రీలే. వాటిని ముందుగా స్వీకరించే ప్రధాన సర్వర్‌ను ప్రైమరీ అనీ, దాని నుంచి మార్పులను అందుకుంటూ నకలుగా నడిచే సర్వర్లను రెప్లికాలనీ, ప్రైమరీ పోయినప్పుడు ఒక రెప్లికాను దాని స్థానంలో పెట్టడాన్ని ప్రమోట్ చేయడం అనీ అంటారు. ప్రైమరీ సర్వర్ ఆగిపోయిన రాత్రి తప్పు రెప్లికాను ఎంచుకుంటే, తెల్లవారేసరికి రైతు చేతిలో స్లిప్ ఉంటుంది గాని దానికి సంబంధించిన ఎంట్రీ ఎక్కడా ఉండదు. అందువల్ల ఏ రెప్లికాను ప్రమోట్ చేయాలన్న నిర్ణయాన్ని నేను ఎవరి కష్టం లెక్కకెక్కుతుందో, ఎవరిది ఎక్కదో తేల్చే నిర్ణయంగానే చూస్తాను. ఈ పని చేసేవారు ఏ వరుసలో ఏమేమి చూసుకోవాలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ప్రధానంగా తీసుకుని, అవసరమైన చోట అటువంటిదే అయిన మైఎస్‌క్యూఎల్‌ను కూడా ప్రస్తావిస్తూ వివరిస్తాను.

వివరణ తేలికగా సాగడానికి ఒక అమరికను ఊహించుకుందాం. ప్రైమరీ భీమవరం ఆఫీసులో ఉంది. అదే భవనంలో పక్క గదిలో ఒక రెప్లికా, రాజమహేంద్రవరంలో మరొకటి, హైదరాబాద్ డేటా సెంటర్‌లో ఇంకొకటి ఉన్నాయి. వీటికి తోడు, పొరపాటున ఎవరైనా టేబుల్ చెరిపేస్తే పనికి వస్తుందని ఒక గంట ఆలస్యంగా నడిచే నాలుగో రెప్లికా కూడా ఉంది.

ముందుగా ప్రైమరీ సంగతి తేల్చుకోవాలి

ప్రైమరీ మనకు కనిపించకపోవడం వేరు, ప్రైమరీ ఆగిపోవడం వేరు. హైదరాబాద్ నుంచి చూసేవారికి భీమవరం సర్వర్ పలకకపోవచ్చు. దారిలో ఎక్కడో కాలువ గట్టు తవ్వుతూ ఫైబర్ తెంపి ఉండవచ్చు. అదే సమయంలో ఆఫీసులోని కంప్యూటర్లు ఆ సర్వర్‌లోకి నిక్షేపంగా ఎంట్రీలు చేస్తూ ఉండవచ్చు. ఆ స్థితిలో హైదరాబాద్ రెప్లికాను ప్రమోట్ చేస్తే రెండు ప్రైమరీలు ఏర్పడి, ఒక్కొక్క దానిలో రెండో దానిలో లేని ఎంట్రీలు చేరతాయి. వాటిని తర్వాత కలపడం ఎంత కష్టమో చెప్పడానికి 2018 అక్టోబరు 21న సాఫ్ట్‌వేర్ కోడ్‌ను భద్రపరిచే గిట్‌హబ్ సంస్థలో జరిగినదే చాలు. అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ సంబంధం 43 సెకన్లు తెగింది. ఆ కొద్ది వ్యవధిలోనే ఆర్కెస్ట్రేటర్ అనే ఉపకరణం పశ్చిమ తీరంలోని మైఎస్‌క్యూఎల్ సర్వర్లను ప్రమోట్ చేసింది. తూర్పున అప్పటికే రాసి, పశ్చిమానికి ఇంకా చేరని ఎంట్రీలు కొన్ని మిగిలిపోయాయి. రెండు వైపులా ఒకదానిలో లేనివి మరొకదానిలో ఉండడంతో సేవలు పూర్తిగా కుదుటపడడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

కాబట్టి కనీసం రెండు వేర్వేరు దారుల్లో ప్రైమరీని పలకరించి చూడాలి. ఆఫీసులో మనిషి ఉంటే ఫోన్ చేసి, మెషీన్ ముందు నిలబడి చూడమని అడగడం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. కరెంటు పోయి యూపీఎస్ దిగిపోయిందనీ, జనరేటర్ పది నిమిషాల్లో అందుకుంటుందనీ, డిస్కులకు ఏమీ కాలేదనీ తెలిస్తే ఏ రెప్లికానూ ప్రమోట్ చేయకుండా ఆగడమే మేలని నా అభిప్రాయం. పది నిమిషాలు ఎంట్రీలు కాగితం మీద రాసుకోవచ్చు గాని, తెగిపోయిన చరిత్రను అతికించడం అంత సులభం కాదు.

ప్రమోట్ చేయక తప్పదని తేలితే, పాత ప్రైమరీ మళ్ళీ లేచి రాయడం మొదలుపెట్టకుండా కట్టడి చేయడం తదుపరి పని. మెషీన్ ప్లగ్ తీయించడం, ఆటోమేటిక్‌గా సర్వీస్ మొదలవకుండా చేయడం, అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఉన్న కనెక్షన్ పూలర్‌ను ఆపివేయడం, వీటిలో ఎన్ని సాధ్యమైతే అన్నీ చేయాలి. కరెంటు రాగానే పాత ప్రైమరీ దానంతట అదే లేచి, అప్పటికే కొత్త ప్రైమరీ పని చేస్తున్న సంగతి తెలియక ఎంట్రీలు స్వీకరించడం ఈ వృత్తిలో చాలామందికి ఎదురైన ప్రమాదం.

రెప్లికాలను కదపకుండా కొలవాలి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ప్రైమరీ పోయిందని తెలియగానే రెప్లికాలలో ఒకదాన్ని రీస్టార్ట్ చేసి చూద్దామనిపిస్తుంది. అలా చేయకూడదు. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా వాల్ అనే లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్‌లోని ప్రతి స్థానానికీ ఎల్‌ఎస్‌ఎన్ అనే సంఖ్య ఉంటుంది. రెప్లికాలో మనం తెలుసుకోవలసినవి రెండు స్థానాలు: ప్రైమరీ నుంచి వచ్చి డిస్కు మీద భద్రమైన వాల్ ఎంతవరకు ఉందో పీజీ_లాస్ట్_వాల్_రిసీవ్_ఎల్ఎస్ఎన్ చెబుతుంది, అందులో ఎంతవరకు టేబుళ్ళకు వర్తించిందో పీజీ_లాస్ట్_వాల్_రీప్లే_ఎల్ఎస్ఎన్ చెబుతుంది. ప్రైమరీ లేని సమయంలో రెప్లికాను రీస్టార్ట్ చేస్తే మొదటి ఫంక్షన్ ఖాళీ విలువ ఇవ్వవచ్చు, లేదా నిజంగా ఉన్నదాని కంటే వెనుక ఉన్న స్థానాన్ని చూపవచ్చు. అప్పటికే ఎవరో రీస్టార్ట్ చేసి ఉంటే, లేదా ప్రైమరీ నుంచే కాక ఆర్కైవ్ (వాల్ నకళ్ళు దాచే చోటు) నుంచి కూడా వాల్ రెప్లికాకు చేరే ఏర్పాటు ఉంటే, రెండు విలువల్లో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రీప్లే ఇంకా నడుస్తూ ఉంటే, ఆ విలువ రెండు మూడు సార్లు చూసినా మారకుండా నిలిచే దాకా ఆగాలి.

ఈ రెండింటి తేడా డెల్టాలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరంలో వదిలిన నీరు కాలువలోకి రావడం వేరు, తూము దాటి చేలోకి ఎక్కడం వేరు. రిసీవ్ స్థానం కాలువలోకి వచ్చిన నీరు. రీప్లే స్థానం చేలోకి ఎక్కిన నీరు. కాలువలోకి వచ్చిన నీరు ఎప్పటికైనా చేలోకి ఎక్కుతుంది గాని, కాలువలోకే రాని నీటి కోసం ఎంత ఎదురుచూసినా ప్రయోజనం లేదు. రెప్లికాలో కూడా అంతే. రిసీవ్ స్థానాల మధ్య తేడా ఎన్ని ఎంట్రీలు పోతాయో నిర్ణయిస్తుంది. ఒకే రెప్లికాలో రిసీవ్‌కూ రీప్లేకూ మధ్య తేడా, ప్రమోట్ చేశాక అది పని మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుందో నిర్ణయిస్తుంది, ఎందుకంటే చేతిలో ఉన్న వాల్ మొత్తాన్ని వర్తింపజేశాకనే పోస్ట్‌గ్రెస్ కొత్త రాతలకు తలుపు తెరుస్తుంది. పెద్ద రిపోర్టు ఒకటి నడుస్తున్నందువల్ల రీప్లేలో వెనుకబడిన రెప్లికాను చూసి ఇది పాతదని పక్కన పెట్టేవారిని నేను చూశాను. దాని రిసీవ్ స్థానం అన్నిటికంటే ముందుంటే, అసలు ఎంచుకోవలసింది దాన్నే. ఆ రిపోర్టును ఆపివేస్తే మిగిలినది అదే అందుకుంటుంది.

స్థానాలను పోల్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త అవసరం. ఎల్‌ఎస్‌ఎన్‌ను పోస్ట్‌గ్రెస్ హెక్సాడెసిమల్ అంకెల్లో, మధ్యలో ఏటవాలు గీతతో చూపిస్తుంది. ఉదాహరణకు, ఒక రెప్లికా 0/9000000 దగ్గర, మరొకటి 0/10000000 దగ్గర ఉన్నాయనుకుందాం. వీటిని మామూలు అక్షరాల వరుసగా పేర్చితే 9తో మొదలయ్యేది పెద్దదని తేలుతుంది. నిజానికి రెండోదే 112 మెగాబైట్లు, అంటే 16 మెగాబైట్ల వాల్ సెగ్మెంట్లు ఏడు, ముందుంది. కంటితో చూసి తేల్చకుండా పీజీ_వాల్_ఎల్ఎస్ఎన్_డిఫ్ ఫంక్షన్‌తో తీసివేత చేయించడం ఒక్కటే సరైన పద్ధతి. అలాగే అన్ని రెప్లికాలూ ఒకే టైమ్‌లైన్ (ప్రమోట్ అయిన ప్రతిసారీ కొత్తగా మొదలయ్యే వాల్ చరిత్ర శాఖ) మీద ఉన్నాయో లేదో చూడాలి. గతంలో ఎప్పుడో పొరపాటున ప్రమోట్ అయిన రెప్లికా వేరే టైమ్‌లైన్‌లోకి వెళ్ళిపోయి ఉంటే, దాని సంఖ్య ఎంత పెద్దదైనా పోలికకు పనికిరాదు.

సమయంతో కొలిచే వెనుకబాటును మాత్రం నమ్మకండి. చివరి ట్రాన్సాక్షన్ ఎప్పుడు వర్తించిందో చెప్పే ఫంక్షన్ ప్రైమరీలో అసలు పని లేని వేళ కూడా గంటల వెనుకబాటు ఉన్నట్టు చూపుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో కనిపించే సెకన్ల వెనుకబాటు దీనికి విరుద్ధంగా మోసం చేస్తుంది. రెప్లికాకు చేరిన రిలే లాగ్‌ను అది ఎంత త్వరగా వర్తింపజేస్తున్నదో మాత్రమే కొలుస్తుంది కాబట్టి, ప్రైమరీ నుంచి రావలసినది ఎంతో రాకుండా మిగిలి ఉన్నా అక్కడ సున్నా కనబడవచ్చు.

ఒక రెప్లికా మరో రెప్లికా నుంచి వాల్ తీసుకునే అమరిక ఉంటే, హైదరాబాద్‌ది రాజమహేంద్రవరం నుంచి అందుకుంటున్నదనుకుంటే, శివారు భూమికి నీరు చివర అందినట్టే దానికీ వాల్ చివర అందుతుంది. అది తన పైదాని కంటే ముందుండడం జరగదు. పోటీలో దాన్ని వేరుగా కొలవకుండా, పైదాన్ని కొలిస్తే సరిపోతుంది.

సింక్రనస్ ఏర్పాటు ఉన్నచోట

ప్రైమరీ కమిట్‌ను, అంటే రాసినదాన్ని ఖాయం చేయడాన్ని, అంగీకరించే ముందు ఒక రెప్లికా అందుకున్నట్టు చెప్పాలనే ఏర్పాటు ఉంటే పని తేలికవుతుంది గాని పూర్తిగా తీరిపోదు. సింక్రనస్_స్టాండ్‌బై_నేమ్స్ అనే సెట్టింగ్‌లో ఫస్ట్ అనే పద్ధతి రాసి ఉంటే, ఆ సమయంలో సింక్రనస్‌గా ఉన్న రెప్లికా దగ్గర అంగీకరించిన కమిట్లన్నీ ఉంటాయి. 10వ వెర్షన్‌లో వచ్చిన ఎనీ పద్ధతిలో, ఇద్దరిలో ఎవరైనా ఒకరు చాలన్నప్పుడు, చివరి కమిట్ ఎవరి దగ్గర ఉందో ముందుగా తెలియదు. ఆ ఇద్దరినీ కొలవక తప్పదు. ఇద్దరిలో ఒకరు మాత్రమే పలుకుతుంటే, చివరి కమిట్ రెండో వారి దగ్గర ఉండి ఉండవచ్చన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి. ఏదైనా సెషన్ (డేటాబేస్‌తో ఒక కనెక్షన్) సింక్రనస్_కమిట్ సెట్టింగ్‌ను లోకల్‌కు గాని ఆఫ్‌కు గాని మార్చుకుని ఉంటే, ఆ సెషన్ కమిట్లకు ఈ హామీ వర్తించదు. రాత్రిపూట నడిచే బ్యాచ్ పనులలో వేగం కోసం ఇలా పెట్టడం సాధారణం. మైఎస్‌క్యూఎల్‌లో ఇటువంటి ఏర్పాటైన సెమీ సింక్ అయితే, రెప్లికా నుంచి పది సెకన్లలోగా జవాబు రాకపోతే డిఫాల్ట్‌గా, జవాబు కోసం ఆగని మామూలు అసింక్రనస్ పద్ధతికి జారిపోతుంది. ప్రైమరీ ఆగిపోవడానికి ముందు నెట్‌వర్క్ తడబడి ఉంటే, సెమీ సింక్ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు.

ఆలస్యంగా నడిచే రెప్లికా

రికవరీ_మిన్_అప్లై_డిలే అనే సెట్టింగ్‌తో గంట ఆలస్యం పెట్టిన రెప్లికా విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఇది గంట పాతది కాబట్టి పనికిరాదనుకోవడం మొదటిది. ఆ రెప్లికా వాల్‌ను అందరితోపాటు అప్పటికప్పుడే అందుకుంటుంది. ఆలస్యం వర్తింపులో మాత్రమే. మిగిలిన రెప్లికాలన్నీ పోయిన రాత్రి అది ఆదుకోగలదు. రెండో పొరపాటు మరింత ప్రమాదకరమైనది. ఎవరో ఒక టేబుల్‌ను పొరపాటున చెరిపేశారు, దాన్ని రక్షించుకోవడానికి ఈ రెప్లికాను ప్రమోట్ చేద్దామనుకోవడం అది. ప్రమోట్ అనగానే పోస్ట్‌గ్రెస్ ఆలస్యాన్ని పక్కన పెట్టి, చేతిలో ఉన్న వాల్ మొత్తాన్ని, చెరిపిన ఆ ఆజ్ఞతో సహా, వర్తింపజేస్తుంది. అటువంటప్పుడు ముందుగా పీజీ_వాల్_రీప్లే_పాజ్‌తో రీప్లేను నిలిపివేసి, ఆ తర్వాత రికవరీ_టార్గెట్_టైమ్‌ను చెరిపిన క్షణానికి కొంచెం ముందుగా పెట్టి రీస్టార్ట్ చేయాలి. పాజ్ చేసి ఉంది కదా అని ప్రమోట్ చేసినా రక్షణ ఉండదు. ప్రమోట్ ఆజ్ఞ పాజ్‌ను రద్దు చేసి ముందుకు సాగుతుంది.

మామూలు వైఫల్యాలలో ఈ రెప్లికా పొరపాటున ఎంపిక కాకుండా, ప్రమోట్ చేసే పనిని ఆటోమేటిక్‌గా నడిపే పట్రోనీ అనే ఉపకరణాన్ని వాడేవారు దానికి నోఫెయిలోవర్ ట్యాగ్ పెట్టాలి. పట్రోనీ తనంతట తాను ఎంచుకునేటప్పుడు కూడా అందుబాటులో ఉన్న రెప్లికాల వాల్ స్థానాలనే పోల్చి, వెనుకబడినవాటిని పోటీ నుంచి తప్పిస్తుంది. ఎంత వెనుకబాటును అనుమతించాలో చెప్పే మాగ్జిమమ్_ల్యాగ్_ఆన్_ఫెయిలోవర్ విలువ డిఫాల్ట్‌గా 1048576 బైట్లు, అంటే ఒక మెగాబైటు. అయితే ప్రైమరీ చివరి స్థానాన్ని అది విడతలు విడతలుగా, డిఫాల్ట్‌గా పది సెకన్లకొకసారి నమోదు చేస్తుంది. అందువల్ల పోయే డేటా ఆ ఒక్క మెగాబైటుకే పరిమితమని అనుకోకూడదు. చివరి నమోదు తర్వాత రాసినది కూడా దానికి కలుస్తుంది.

ముందున్నది మంచి చోట లేకపోతే

అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. వాల్ అందరికంటే ఎక్కువ ఉన్న రెప్లికా భీమవరంలో అదే భవనంలో, అదే కరెంటు లైన్ మీద ఉంది. హైదరాబాద్‌ది కొన్ని వందల కిలోబైట్లు వెనుక ఉంది గాని అక్కడ కరెంటు, నెట్‌వర్క్ నిలకడగా ఉన్నాయి. డెల్టాలో ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలతోపాటు కరెంటు స్తంభాలను కూడా నేలకూల్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక అమలులో ఉన్న రోజున, లంక గ్రామాలకు పడవల మీద వెళ్ళవలసి వచ్చే సమయంలో, డెల్టాలోని ఏ గదిలో ఉన్న మెషీన్ అయినా ఎంతసేపు నడుస్తుందో హామీ ఇవ్వలేం. అలాంటప్పుడు ఏది వదులుకోవాలి? ఎంట్రీలనా, నిలకడనా?

చాలా సందర్భాలలో రెండింటిలో దేన్నీ వదులుకోనక్కరలేదు. హైదరాబాద్ రెప్లికాలో ఎవరి నుంచి వాల్ తీసుకోవాలో చెప్పే ప్రైమరీ_కాన్ఇన్ఫో సెట్టింగ్‌ను మార్చి, భీమవరం రెప్లికా వైపు తిప్పాలి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దీనికి రీస్టార్ట్ అవసరం లేదు, రీలోడ్ చాలు. భీమవరం రెప్లికా తన దగ్గర మిగిలిన వాల్‌ను హైదరాబాద్‌కు పంపిస్తుంది. రెండు స్థానాలూ సమానమయ్యాక హైదరాబాద్‌ను ప్రమోట్ చేయవచ్చు. ఇందుకు భీమవరం రెప్లికాలో రెప్లికేషన్ కనెక్షన్‌కు అనుమతి ముందే ఉండాలి; అవసరమైన వాల్ చెరిగిపోకుండా వాల్_కీప్_సైజ్ తగినంత ఉండాలి. ఈ రెండూ ప్రశాంతంగా ఉన్న రోజున అమర్చిపెట్టుకోవలసినవి. నేను ఏ అమరికను పరిశీలించినా మొదట చూసేది ప్రతి రెప్లికా మరొక రెప్లికాకు వాల్ ఇవ్వగలదా లేదా అన్నదే. మైఎస్‌క్యూఎల్‌లో జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కూ విడిగా ఉండే గుర్తు) ఆటో పొజిషన్‌తో ఇదే పని మరింత సులభంగా జరుగుతుంది.

పాత ప్రైమరీ మెషీన్ లేవకపోయినా దాని డిస్కును చదవగలిగితే ఇంకొక అవకాశం ఉంది. ఏ రెప్లికాకూ చేరని చివరి వాల్ సెగ్మెంట్లు అక్కడ ఉంటాయి. వాటిని కాపీ చేసి, ఎంచుకున్న రెప్లికా రిస్టోర్ కమాండ్ చూసే డైరెక్టరీలో పెడితే అది వాటిని కూడా చదివి వర్తింపజేస్తుంది. సగం నిండిన చివరి సెగ్మెంట్‌ను మరచిపోకూడదు; చివరి నిమిషాల ఎంట్రీలు ఉండేది అందులోనే. ఈ పని ప్రమోట్ చేయడానికి ముందే జరగాలి. ప్రమోట్ అయ్యాక టైమ్‌లైన్ మారిపోతుంది కాబట్టి ఆ వాల్ ఇక వర్తించదు.

వాల్ స్థానాలు సమానంగా ఉన్నప్పుడు మాత్రమే మిగిలిన విషయాలు పోలికలోకి వస్తాయి: డిస్కులో ఖాళీ, మెషీన్ శక్తి, బ్యాకప్ ఏర్పాటు, అప్లికేషన్‌కు దగ్గరగా ఉండడం. వీటిలో డిస్కు ఖాళీకి నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే కొత్త ప్రైమరీ మీద మిగిలిన రెప్లికాల కోసం స్లాట్లు (అవి ఇంకా అందుకోని వాల్‌ను చెరగకుండా పట్టి ఉంచే ఏర్పాట్లు) పెట్టగానే, అవి కలిసేదాకా వాల్ పేరుకుపోతూనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో వెర్షన్ల తేడా ఉంటే పాత వెర్షన్ ఉన్నదాన్నే ప్రమోట్ చేయాలి. కొత్త వెర్షన్ నుంచి పాత వెర్షన్‌కు రెప్లికేషన్‌ను నమ్ముకోకూడదు. అక్కడే మరొకటి కూడా చూడాలి. ఏదైనా రెప్లికాలో ఎవరో నేరుగా రాసిన ట్రాన్సాక్షన్ ఉంటే, జీటీఐడీ సెట్ల తీసివేతలో దాని గుర్తు ప్రైమరీది కాని వేరే సర్వర్ యూయూఐడీతో కనబడుతుంది. అది ఎక్కువ ఉన్నట్టు కనిపించినా నిజంగా ముందున్నట్టు కాదు.

ప్రమోట్ చేసే క్షణం, ఆ తర్వాత

ఆజ్ఞ ఇచ్చే ముందు ఏ మెషీన్ మీద ఉన్నామో హోస్ట్‌నేమ్ చూసి, పక్కన మరొకరు ఉంటే వారి చేత కూడా చదివించాలి. 2017 జనవరి 31న గిట్‌హబ్ వంటిదే అయిన గిట్‌ల్యాబ్ సంస్థలో రెప్లికా మీద చేయవలసిన డైరెక్టరీ తొలగింపు ప్రైమరీ మీద జరిగి, సుమారు ఆరు గంటల డేటా పోయింది. అర్ధరాత్రి అలసిన కళ్ళకు రెండు టెర్మినల్ విండోలు ఒకేలా కనబడతాయి. తర్వాత పీజీ_ప్రమోట్ ఫంక్షన్, 12వ వెర్షన్‌కు ముందైతే పీజీ_సీటీఎల్ ప్రమోట్, నడిపి, పీజీ_ఈజ్_ఇన్_రికవరీ ఫాల్స్ అని, అంటే అది ఇక రెప్లికా కాదని, చెప్పేదాకా ఆగి, అప్పుడే కనెక్షన్ పూలర్‌ను కొత్త చిరునామాకు మళ్ళించాలి.

మిగిలిన రెప్లికాలను కొత్త ప్రైమరీ వైపు తిప్పేటప్పుడు, ఎంచుకున్నదాని కంటే ఏదైనా ముందుకు వెళ్ళి ఉంటే అది నేరుగా కలవదు. దాన్ని పీజీ_రివైండ్‌తో వెనక్కి తీసుకురావాలి. పాత ప్రైమరీకి కూడా అదే. పీజీ_రివైండ్ పని చేయాలంటే డేటా చెక్‌సమ్స్ గాని వాల్_లాగ్_హింట్స్ గాని ముందే ఆన్ అయి ఉండాలి. లాజికల్ రెప్లికేషన్ (వాల్‌ను ఉన్నదున్నట్టు కాక టేబుళ్ళలోని మార్పులుగా పంపే పద్ధతి) వాడేవారు స్లాట్ల సంగతి చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ 17కు ముందు అవి రెప్లికాకు వాటంతట అవి రావు.

పాత ప్రైమరీని రివైండ్ చేయడానికి ముందు దాని డేటా డైరెక్టరీని పూర్తిగా వేరే డిస్కులోకి కాపీ చేసి ఉంచాలి. రివైండ్ చేశాక, కొత్త ప్రైమరీకి చేరని ఎంట్రీల ఆఖరి ఆనవాలు కూడా అక్కడ మిగలదు. ఆ కాపీని నెట్‌వర్క్ లేని మెషీన్ మీద లేపి, కొత్త ప్రైమరీ చివరి స్లిప్ నంబరుతో పోల్చితే ఏయే కాటాల దగ్గర ఎవరి ఎంట్రీలు తప్పిపోయాయో జాబితా వస్తుంది. ఆ జాబితాను తెల్లవారకముందే కొనుగోలు మనుషులకు ఇచ్చి, స్లిప్ నంబరు, కౌంట్, తూకం, ధర, వేసిన సమయం ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ ఎంట్రీ చేయించి, ఒక్కొక్క రైతుకు ఫోన్ చేసి అతని స్లిప్‌తో సరిచూడాలి.